నలుగురూ, నా పసుపుపచ్చ కారూ

నేను మత్తు డాక్టర్ని. ఈ వృత్తిలో నాకు మొదటి నుంచీ నచ్చిన సంగతి, నన్నెవరూ గుర్తుపెట్టుకోకపోవడం. ఆపరేషన్ చేసిన సర్జన్‌కి పళ్లబుట్టలొస్తాయి, స్వీట్ డబ్బాలొస్తాయి, ఒక్కోసారి పుట్టిన పిల్లాడికి ఆయన పేరే పెడతారు. నేను మాత్రం ముక్కు మీద మాస్కు పెట్టి అంకెలు లెక్కపెట్టమన్న ఆవిడని. అదైనా సగంమందికే జ్ఞాపకం. విజయవాడ సూర్యారావుపేటలో ఈ నర్సింగ్‌హోమ్ నుంచి ఆ నర్సింగ్‌హోమ్‌కి తిరుగుతూ, ఎవరి కంటా పడకుండా ఇన్నేళ్లు బతికాను. అలాంటిదాన్ని యాభై దాటాక పోర్షే కొన్నాను. అదీ పసుపుపచ్చది.

718 కేమన్. సెకండ్ హ్యాండ్.

చూశారా, మీరు అడక్కుండానే చెప్పేశాను. ఎవరు కారు వంక చూసినా నా నోటి వెంట ముందుగా వచ్చేది ఆ మాటే: "సెకండ్ హ్యాండే లెండి." ఆస్పత్రి వాచ్‌మన్‌కి చెప్పాను, అపార్ట్‌మెంట్ సెక్రటరీకి చెప్పాను, పెట్రోలు బంకులో కుర్రాడిక్కూడా చెప్పాను. వాళ్లెవరూ నన్ను నిలదీయలేదు. కుర్రాడైతే "స్పీడ్ పెట్రోల్ కొట్టమంటారా మేడమ్?" అని మాత్రమే అడిగాడు. మరి ఈ సంజాయిషీ ఎవరికి చెప్పుకుంటున్నట్టు? ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

కొన్న కొత్తలో మా అత్తగారు పట్టుబట్టి వాహనపూజ చేయించారు. పూజారిగారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేస్తే రంగులో రంగు కలిసిపోయి, పైన పెట్టిన కుంకుమ చుక్కలే కనిపించాయి. "ఇంజనుకి కూడా బొట్టు పెడదాం, తీయండమ్మా" అన్నారు. తీశాను. లోపల సూట్‌కేసు పట్టేంత గుంట. "ఓహో, వెనక కాబోలు" అని అటు వెళ్లారు. అక్కడా సామాను పెట్టుకునే చోటే. "మరి ఇంజనెక్కడమ్మా?" అన్నారు, ఎవరో ఎత్తుకుపోయారేమో అన్నంత ఆందోళనగా. "నా వీపు వెనక ఉంటుందండీ, బయటికి కనపడదు" అన్నాను. ఆయన కాస్త ఆలోచించి, సీట్ల వెనకాల గోడకి బొట్టు పెట్టి అక్షింతలు చల్లారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు. గుమ్మడికాయ వద్దన్నాను, ఈ కారు నేలకి జానెడు కూడా లేని ఎత్తులో పాకుతుంది, ముక్కలు కింద ఇరుక్కుంటాయని. అత్తగారు ఇప్పటికీ ఆ లోటు గుర్తుచేస్తారు.

దిష్టిని తేలిగ్గా తీసిపారేసే చదువే నాది. కానీ ఈ విషయంలో అత్తగారి లెక్క మా అబ్బాయి లెక్క కంటే లోతైనదనిపిస్తుంది. మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోన్‌లో "ఎవరేమనుకుంటే మనకేంటమ్మా, నీ డబ్బు, నీ కారు" అంటాడు. అత్తగారి లోకంలో నలుగురి చూపూ ఉత్త చూపు కాదు. లేనివాళ్ల ముందు ఉన్నది పెట్టి నడిపితే ఇద్దరి మధ్యా ఏదో జరుగుతుంది, దానికి ఏదో ఒకటి చెల్లించుకోవాలి. ఆవిడ నిమ్మకాయతో చెల్లించారు, పూజ అయ్యాక వీధంతా లడ్డూలు పంచారు. నిమ్మకాయ పని చేస్తుందో లేదో నాకు తెలీదు గానీ లడ్డూలు పని చేశాయి.

మా మిత్రురాలొకావిడ గీత చదువుతుంది. ఆవిడ మందు మరొకటి. 12వ అధ్యాయంలో, భగవంతుడికి ఇష్టుడైన భక్తుడి లక్షణాల్లో, నిందనీ స్తుతినీ ఒకేలా చూడడం ఒకటి. 14వ అధ్యాయంలో గుణాతీతుడి గురించి చెబుతూ మళ్లీ అదే అంటాడు. "నువ్వు అది సాధన చెయ్యి" అంది. బాగానే ఉంది. కానీ అదే కృష్ణుడు 2వ అధ్యాయంలో అర్జునుణ్ణి లేపడానికి ఏం చెప్పాడు? లోకం నీ అపకీర్తిని ఎన్నటికీ చెప్పుకుంటుంది, మర్యాద పొందినవాడికి అది చావు కంటే హీనం, మహారథులు నువ్వు భయపడి పారిపోయావనుకుంటారు అని. అచ్చంగా నలుగురేమనుకుంటారన్న వాదమే! భగవంతుడంతటివాడు కూడా ఆ మీట నొక్కాడు. అది లోకరీతికి దిగివచ్చి చెప్పిన మాట, అసలు తత్వం వేరని పెద్దలు సర్దిచెబుతారు. కావచ్చు. నాకు తోచింది ఇంకొకటి. నలుగురి మాటకి కదలని మనిషితో యుద్ధమూ చేయించలేం, ధర్మమూ చేయించలేం. ఆ తీగ మనలో ఉండాల్సిందే. దాన్ని ఎవరు మీటితే పలకాలన్నదే తేల్చుకోవాలి.

పైగా 12వ అధ్యాయంలో చెప్పింది జంట. మనం దాన్ని సగానికి కోసి వాడుకుంటాం. నింద పట్టించుకోకు అనే సగాన్ని అందరూ తీసుకుంటారు, స్తుతి సగాన్ని అక్కడే వదిలేస్తారు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు పక్కన బైకు మీద కుర్రాళ్లు బొటనవేలెత్తి చూపిస్తే నా వెన్ను దానంతటదే నిటారవుతుంది. అదే సిగ్నల్ దగ్గర ఆటో అతను "మా బండి రంగే, రేటే వేరు" అంటే ముడుచుకుపోతాను. మొదటిది అనుభవిస్తూ రెండోది నాకు తగలకూడదంటే ఎలా? ఎవరి కంటా పడకూడదనుకున్న మనిషి బూడిదరంగు సెడాన్ కొనుక్కుంటుంది. పసుపుపచ్చ పోర్షే కొన్న మనిషి చూడమనే కొంది. 1759లో ఆడం స్మిత్ తన నీతిశాస్త్ర గ్రంథంలో ఇదే రాశాడు. ధనవంతుడు సంపద చూసుకుని మురిసేది అది లోకం కళ్లను తనవైపు తిప్పుతుందని. పేదవాడు సిగ్గుపడేది పేదరికం తనను ఎవరి కంటికీ ఆనకుండా చేస్తుందని. అర్థశాస్త్రానికి పితామహుడని పేరుపడ్డ మనిషి మాటలివి. ముక్కు మీద మాస్కు పెట్టే ఆవిడకి సూటిగానే తగిలాయి.

చూపుల్లో ఒక రకమే ఉందనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో పోర్షేలున్నవాళ్లు కొందరు ఆదివారం పొద్దున్నే కలుస్తారు, ఒకసారి నన్నూ పిలిచారు. అక్కడ 911 వాళ్లదే రాజ్యం. ఒకాయన నా కారు శబ్దం విని "ఫోర్ సిలిండరా?" అన్నాడు, రిపోర్టు చూసి పెదవి విరిచే పెద్ద డాక్టర్ గొంతుతో. 2016లో ఈ మోడల్‌కి ఆరు సిలిండర్లు తీసేసి రెండు లీటర్ల టర్బో నాలుగు సిలిండర్ల ఇంజను పెట్టారు. మూడొందల గుర్రాల బలముంది, అయినా పాత కూత పోయిందని అభిమానులకి తీరని దుఃఖం. సూర్యారావుపేటలో నా కారు మరీ ఎక్కువ. అక్కడ మరీ తక్కువ. సిగ్గు రెండుచోట్లా ఒకటే.

గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ ఈ సంగతే గుర్రం మీద పెట్టి చెప్పాడు. ఆయన బానిసగా బతికినవాడు, కుంటివాడు. నేను అందంగా ఉన్నానని గుర్రమే గర్వపడితే పోనీ అనుకోవచ్చు, నా దగ్గర అందమైన గుర్రముందని నువ్వు పొంగిపోతే అది గుర్రం గొప్ప గానీ నీది కాదు అంటాడు. దాన్ని తిరగేసి చూస్తే నాకు కొంత ఊరట. గొప్ప కారుదైతే, నాలుగు సిలిండర్ల నామోషీ కూడా కారుదే. ఆ పెద్దమనిషి మాట విజయవాడ చేరేలోపే మర్చిపోయాను.

ఆ లెక్కన అందరి మాటలూ అలాగే దులిపేసుకోవచ్చు కదా అంటారేమో. ఇక్కడే నాకు రాముడు అడ్డొస్తాడు. లోకాపవాదానికి భయపడి సీతమ్మను అడవికి పంపిన కథ మన ఇళ్లల్లో ఇప్పటికీ తెగని తగువే. 1963 'లవకుశ' చూసినవాళ్లకి చాకలి మాట తెలుసు. వాల్మీకి పేరున ఉన్న ఉత్తరకాండలో చాకలి లేడు, భద్రుడనే అతను ఊళ్లో అనుకుంటున్నవి రాజుకి చెబుతాడు. ఎవరు చెప్పినా, ఆవిడ తప్పు లేదని రాముడికి తెలుసు. తెలిసీ నిందకే లొంగాడు. రాజుకి అది తప్పదని వాదించేవాళ్లున్నారు. మా అమ్మ మాత్రం ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా రేడియో కట్టేసేది. ఆడం స్మిత్ గీసిన మరో గీత ఇక్కడ పనికొస్తుంది. నింద పడడం వేరు, నిందకి తగిన పని చేయడం వేరు. వివేకం ఉన్నవాడు భయపడాల్సింది రెండోదానికి. సీతమ్మ విషయంలో మొదటిదే ఉంది, రెండోది లేదు. నా కారు విషయంలో రెండోది ఉందా? దానికి గీతా, గ్రీకులూ జవాబు చెప్పరు. బిల్లు చూడాలి.

ఆ బిల్లు ఒకాయన నాకు చూపించాడు. నందిగామ వైపు రైతు, భార్యకి గర్భసంచి ఆపరేషన్. మర్నాడో ఆ మర్నాడో డిశ్చార్జి. కేసు ముగించుకుని బయటికొచ్చేసరికి కారు పక్కన మెట్ల మీద కూర్చుని, కాగితాన్ని మోకాలి మీద చదును చేసుకుంటూ వేలితో ఒక్కో లైనూ చదువుకుంటున్నాడు. నేను తాళం నొక్కగానే కారు లైట్లు వెలిగాయి. లేచి నిలబడ్డాడు.

"ఈ బండి మీదేనా అమ్మా?"

"నాదేనండీ." సెకండ్ హ్యాండ్ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

"ఇదేందమ్మా, ఎనస్తీషియా అనుంది?"

"మత్తిచ్చినందుకు. అది నాకొచ్చే డబ్బేనండీ."

"సూదేసి పడుకోబెట్టినందుకు ఇంతా?"

పడుకోబెట్టడం రెండు నిమిషాల పనే. అసలు పని ఆ తర్వాతది. ఆవిడ తలదగ్గర కూర్చుని ఊపిరి నేను నడిపిస్తాను. వేలికి తగిలించిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ కనిపెట్టి కూత పెడుతుంటుంది. ఆక్సిజన్ తగ్గే కొద్దీ కూత స్థాయి దిగుతుంది. చేతులు వేరే పనిలో ఉన్నా, సర్జన్ జోకులేస్తున్నా, నా చెవి దాని మీదే ఉండాలి. ఇదంతా నాకొచ్చిన మాటల్లో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే పడుకోబెట్టినందుకు కాదు, లేపినందుకన్నమాట."

"అంతేనండీ."

"లేపినందుకైతే ఇవ్వాల్సిందే." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కారును ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకసారి చూశాడు. "బండి మాత్రం ఖరీదైందే అమ్మా" అని మందుల షాపు వైపు వెళ్లిపోయాడు.

అందులో నింద లేదు, స్తుతీ లేదు. అసూయ అసలే లేదు. కాబట్టి 12వ అధ్యాయం నాకు అక్కరకు రాలేదు. ఎపిక్టెటస్ చెప్పినట్టు కారుకి అంటగట్టి తప్పుకోవడానికీ లేదు, ఆ రైతు అడిగింది నన్ను. నా ఫీజు కారు రాకముందూ అంతే, వచ్చాకా అంతే. ఆ నర్సింగ్‌హోమ్ రేటు పటమటలో బిల్డర్ భార్యకీ, ఈ రైతు భార్యకీ ఒకటే. అది న్యాయమేనా అని చిన్న కారు నడిపినన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఆ ప్రశ్న మాత్రం పసుపురంగుది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. ఆ తర్వాత రెండు చోట్ల నా వరకు ఫీజు మనిషిని బట్టి తగ్గించుకుంటానని చెప్పాను. ఒకచోట ఒప్పుకున్నారు. రెండోచోట లెక్కలు చెడతాయన్నారు.

కొన్నిసార్లు తెల్లవారుజామున కేసు లేకపోతే వారధి దాటి మంగళగిరి వైపు పోనిస్తాను. చూసేవాళ్లు లారీ డ్రైవర్లు తప్ప ఎవరూ ఉండరు, వాళ్లకి నిద్ర ముఖ్యం. నిజంగా ఈ కారు నాకిష్టమా, నలుగురి కళ్లు ఇష్టమా అన్నది అక్కడ తేలిపోతుంది. స్టీరింగ్ చిటికెడు తిప్పితే ముందు చక్రం ఎక్కడుందో అరచేతికి తెలుస్తుంది. వీపు వెనక ఇంజను గొంతు మారితే నా చెవి దాన్ని పట్టుకుంటుంది. వినడమే కదా నా వృత్తి. ఇష్టమే, సందేహం లేదు. ఈశావాస్య ఉపనిషత్తు వదిలి అనుభవించమంటుంది. మంగళగిరి కొండ మీది పానకాలస్వామి ఎంత పానకం పోసినా సగమే పుచ్చుకుని మిగతాది భక్తుడికి వదిలేస్తాడని నమ్మకం. దేవుడు సగం దగ్గర ఆగగలడు. ఈఎంఐ ఆగదు, మొత్తం అడుగుతుంది.

మొన్న లెక్కలు చెడతాయన్న చోటే సర్జన్‌గారు నన్ను పక్కకి పిలిచారు. "మేడమ్, ఏమీ అనుకోకండి. ఆ కారు ఇక్కడికి తీసుకురాకండి. పేషెంట్ల తాలూకు వాళ్లు చూసి బిల్లు గురించి అడుగుతున్నారు."

"అడగనివ్వండి సార్" అన్నాను. "నా లైను గురించైతే నేను చెప్పుకోగలను. మిగతా లైన్లు మీరు చెప్పండి."

ఆయనకి నచ్చలేదు. గ్లౌజులు తీసి బుట్టలో పడేసి, చేతులు కడుక్కుని, తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగారు.

"ఇంతకీ వందకి ఎన్ని సెకన్లు మేడమ్?"

"అయిదు సార్."