సగం కూలి



రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్, సునాబెడ, ఏ సంఘమునకు వెళ్లినా ఆరాధన అయిన తరువాత చెట్టు నీడన ఒక మాట వినబడుతుంది: “పనివాళ్లు దొరకడం లేదండీ.” చెప్పేవారు తాపీ కాంట్రాక్టులు, వడ్రంగి పని, వెల్డింగు షాపులు నడిపే మనవారే. మన తండ్రులు, తాతలు శ్రీకాకుళము, విజయనగరము వైపునుండి పొట్ట చేతపట్టుకొని ఈ కొండలకు వచ్చారు. రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలో ఉన్న రోజులవి. (వేరు జిల్లా అయినది 1992 అక్టోబరు 2న.) నాడు కూలికి వచ్చినవారి బిడ్డలు నేడు కూలి ఇచ్చేవారయ్యారు.

అదే సంఘములో ఇంకొక మాట కూడా వింటాము, కాని ప్రార్థన విన్నపముల వేళ మాత్రమే. తాగుడు మానలేని కొడుకు. ఎందుకూ పనికిరాడని ఇంటిలో కూర్చుండబెట్టిన బుద్ధి ఎదగని పిల్లవాడు. ఈ విన్నపమును, ఆ చెట్టు నీడ మాటను మనము ఒకచోట పెట్టి చూడము.

నేను చాలాకాలము తాపీ పనులు చేయించినవాడను. మందబుద్ధి అని ఊరు పిలిచే ఒక యువకుని పనిలో పెట్టుకొన్నాను. అతనికి లెక్క రాదు. మాల్ కలపమంటే ఇసుక ఎన్ని తట్టలు, సిమెంటు ఎంత అన్నది నిలిచేది కాదు. అయితే కట్టిన గోడకు, పోసిన స్లాబుకు నీళ్లు కొట్టే పని అప్పగిస్తే ఉదయము, సాయంత్రము ఒక్క పూట తప్పేవాడు కాదు. నీళ్లు సరిగా పట్టని సిమెంటు ఎంత మంచిదైనా బీటలు వారుతుందని మేస్త్రీలకు తెలుసు. తెలివైన కుర్రవాళ్లు ఆ పనిని ఎగవేసి బీడీ కాల్చుకొంటారని కూడా తెలుసు.

అతనికి నేను ఇచ్చినది సగం కూలి. రెండు సంవత్సరములు అలాగే ఇచ్చాను. పైగా దానిని పరిచర్య అనుకొన్నాను, సంఘములో ఇద్దరు ముగ్గురు మెచ్చుకొన్నారు కూడా. ఒక శనివారము అతని తల్లి వచ్చి, డబ్బు లెక్కపెట్టుకొని, “నీళ్లు సగమే కొట్టాడా బాబూ?” అని అడిగింది. నాకు జవాబు లేకపోయినది.

ఈ సగం కూలి నా ఒక్కని బుద్ధి కాదు. 1948 కనీస వేతనముల చట్టములోనే, వికలాంగులైన పనివారికి ఆ వేతనము వర్తించకుండ ప్రభుత్వము ఉత్తర్వు ఇవ్వవచ్చునని 26వ సెక్షనులో ఉండేది. 1877 కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో కరువు పనులకు వచ్చిన వారి కూలిని తగ్గించి, రోజుకు ఒక పౌను ధాన్యమునకు, కొద్దిపాటి పైకమునకు దింపాడు. శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ ఆ కూలితో మనిషి బ్రతకలేడని వాదించాడు. బలహీనునికి తక్కువ చాలుననే ఆలోచన చాలా పాతది. దానికి దయ అనే ముసుగు సులభముగా దొరుకుతుంది.

అదే కరువులో మన బాప్టిస్టు చరిత్రలోని సంగతి ఒకటి ఉన్నది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అంతకుముందు నెలల తరబడి ఆయన బాప్తిస్మములు ఆపివేశాడన్నది మాత్రము తక్కువగా చెప్పుకొంటాము. అన్నము కొరకు ఎవరూ ప్రభువు నామమును ఒప్పుకొనకూడదని ఆయన భయము. పని పనిగానే ఇచ్చాడు, దానికి బదులుగా మనిషి ఆత్మను అడగలేదు.

తాగుడు మానితేనే పని, గుడికి వస్తేనే పని అని నేను ఎందరికో చెప్పాను. ఇప్పుడు ఆ మాట దగ్గర ఆగిపోతున్నాను. తాగి వచ్చినవానిని పరంజా ఎక్కనీయకూడదు, రంపపు మిషను దగ్గరకు రానీయకూడదు. ఇందులో రాజీ లేదు, పడిపోయేది అతడు, క్రింద ఉన్నది ఇంకొకడు. అయితే ఆ పూట పని లేదనడము వేరు, నీకు ఇక పనే లేదనడము వేరు. మరియొక సంగతి. సంవత్సరముల తరబడి ఇప్పసారా తాగినవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణకడము, ఫిట్సు రావడము, కొన్నిసార్లు ప్రాణమే పోవడము జరుగుతుంది. ఉపవాస కూటములో మానిపించామని సంతోషించి ఇంటికి పంపకుండ డాక్టరుకు చూపించవలెను. కోరాపుట్‌లో 2017 నుండి వైద్య కళాశాల కూడా ఉన్నది.

నేను చేసిన రెండవ తప్పు అడ్వాన్సు. తాగేవాడు శనివారము సంతలో డబ్బు పోగొట్టుకొని సోమవారము చేయి చాపుతాడు. మనము ఇస్తాము. ఇచ్చిన కొద్దీ అతడు మరొకచోటికి పోలేడు, కూలి పెంచమని అడుగలేడు. మంచి పనివాడు చౌకగా కట్టుబడి ఉంటాడు. నా దగ్గర అలా కట్టుబడినవాడు ఒకడు ఉండేవాడు. అతని తాగుడు మానాలని ప్రార్థించేవాడను, అతని అప్పు తీరాలని మాత్రము ప్రార్థించలేదు. ఈ కొండలలో ఆ కట్టుబాటుకు పేరు ఉన్నది, గోతి. గోపీనాథ్ మహంతి ‘పరజా’ నవలలో జరిమానా కట్టుటకు అప్పు చేసిన తండ్రి షావుకారుకు గోతి అయి, కొడుకులను కూడా ఆ ఊబిలోకి లాగుకొన్న కథ కోరాపుట్‌దే. ఒడిశాలో 1948లోను, దేశమంతటా 1976లోను చట్టములు దానిని రద్దు చేశాయి. మన అడ్వాన్సు పుస్తకములు చూస్తే పూర్తిగా రద్దయినదని నేను చెప్పలేను.

ఫిలేమోనుకు పౌలు వ్రాసిన చిన్న పత్రికలో ఒనేసిము బాకీ ఏమైనా ఉంటే తన లెక్కలో వేయమంటాడు. బాకీని అడ్డుపెట్టుకొని అతనిని మంచివానిగా చేయుమని వ్రాయలేదు.

మరి కూలి ఎవరి చేతికి ఇవ్వాలి? ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ప్రకారము ప్రొద్దు క్రుంకకముందే పనివానికి ఇవ్వవలెను. భార్య చేతికిస్తే పిల్లలు తింటారన్నది నిజము. నేనూ అలా ఇచ్చాను. ఆ మనిషి పదిమంది ఎదుట తల దించుకొన్నాడు, మరునాడు రాలేదు. తరువాత ఒకనిని, మత్తులో లేని ఉదయపు వేళ, నీవే చెప్పు అని అడిగాను. సగము ఇంటికి పంపమని అతడే చెప్పాడు. వద్దన్న రోజున మాట మార్చుకొనే హక్కు కూడా అతనిదే అనుకొన్నాము. రెండుసార్లు మార్చుకొన్నాడు. నాకు కోపము వచ్చినది, ఇచ్చాను.

పని చేయనివాడు తినకూడదని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసినది చూపించేవారు ఉన్నారు. అక్కడ ఉన్నది చేయనొల్లనివాని సంగతి. మత్తయి 20వ అధ్యాయములో సాయంకాలమువరకు అంగడిలో నిలిచినవారు చెప్పుకొన్నది, తమను ఎవరూ పిలువలేదని.

నిజమైన చిక్కు తోటి పనివారితో వస్తుంది. “వాడికీ నాకూ ఒకటేనా?” అని మా మేస్త్రి నన్ను నిలదీశాడు. ఆ ప్రశ్నను సణుగుడు అని కొట్టివేయలేను, అతనికీ పిల్లలున్నారు. మేస్త్రి కూలి మేస్త్రిదే, నీళ్లు కొట్టే పనికి ఎవరు చేసినా ఒకే కూలి అని చెప్పాను. అతడు సగమే ఒప్పుకొన్నాడు. ఆ యువకునికి రెండేండ్ల బాకీ లెక్క వేసి ఇచ్చాను. ఎంతో అతనికి తెలియదు. తల్లి లెక్కపెట్టుకొన్నది, ఈసారి ఏమీ అడుగలేదు.