ఊపిరి బోధించు ధర్మము

కృష్ణవేణీ తీరమున, అమరావతి క్షేత్రమందు, అమరేశ్వరుని కొలిచిన శైవులును మహాచైత్యమను స్తూపమునకు ప్రదక్షిణ మొనర్చిన బౌద్ధ భిక్షువులును సిద్ధాంతములు వేరైనను ఒక సాధనయందు ఏకీభవించిరి. తన్ను తాను గెలువగోరువాడు మొదట తన ఊపిరిని గమనింపవలెనని ఉభయ సంప్రదాయములును బోధించినవి. ప్రాణాయామమని ఒకరును, ఆనాపానసతి యని మరియొకరును పేర్కొన్న ఆ విద్య, దేహము పుట్టుకతోనే ఆచరించుచున్న ధర్మమును మరచిన మనస్సునకు జ్ఞప్తికి తెచ్చునది.

ఆ ధర్మ మెట్టిదో ఆలకింపుడు. విశ్రాంతిగా నున్న మనుష్యుడు నిమిషమునకు 12 మొదలు 20 మారులు శ్వాసించును. ఒక్కొక్క శ్వాసలో సుమారు అర లీటరు గాలి ఊపిరితిత్తులలోని కోట్లాది వాయుగోణులవైపు సాగును. వాటి పలుచని గోడల కావల ప్రవహించు రక్తము ప్రాణవాయువును గ్రహించి, దేహమంతట సేకరించి తెచ్చిన బొగ్గుపులుసు వాయువును విడుచును. హృదయపు కుడి భాగము రక్తమును ఊపిరితిత్తులకు పంపగా, అచ్చట శుద్ధమై వచ్చినదానిని ఎడమ భాగము సర్వాంగములకు పంచును. నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తము ఈ ఇరు మార్గములందును సమముగ సాగును. ఎడమ భాగము బలహీనమై తన వంతు నెరవేర్పలేనినాడు రక్తము వెనుకకు నిలిచి, ఊపిరితిత్తులలో నీరు చేరి, శ్వాసయే భారమగును. స్వీకరించుటయు పంచుటయు సరితూగినంతకాలమే జీవనము క్షేమము. పంచుట మందగించినచోట స్వీకరించినదే ముప్పుగ నిలుచును.

ఇక రక్తమందలి ఎఱ్ఱకణమును చూడుడు. దాని ఆయువు సుమారు 120 దినములు. ప్రాణవాయువును మోయుటయే దాని వృత్తి. అయినను తాను మోయు వాయువును తన శక్తికై వాడుకొనదు. అంతియగాక, ఏ అంగము అధికముగ శ్రమించి వేడెక్కి ఆమ్లత్వము నొందునో ఆ అంగమునకే కణమందలి హిమోగ్లోబిన్ ప్రాణవాయువును అధికముగ విడుచును. శ్రమించువానికి మిక్కుటముగ అందవలెనను న్యాయము నెత్తుటిలోనే లిఖితమై యున్నది. పరుల ధనమును కాపాడువారును, ప్రజల అధికారమును వహించువారును, ధాన్యమును ఔషధమును విద్యను ఒకరినుండి మరియొకరికి చేర్చువారును ఈ కణమును గురువుగ తలపవలెను. తమ చేతి మీదుగ సాగిపోవలసినదానిని తమదని భ్రమించుటయే లోభమునకు మొదటి మెట్టు.

హృదయము దినమునకు సుమారు లక్ష మారులు స్పందించును. జననమునకు పూర్వమే మొదలైన ఆ సేవ మరణపర్యంతము సాగును. అయినను ప్రతి స్పందనము పిమ్మట అది సడలి విశ్రమించును. నెమ్మదిగ కొట్టుకొను గుండెకు ముడుచుకొను కాలముకంటె సడలు కాలమే దీర్ఘము. తన కండరమునకు కావలసిన రక్తమును అది ప్రధానముగ ఆ సడలిన క్షణములందే పొందును. వేగము మితిమీరిన కొలది ఆ విరామము తరిగి, అందరినీ పోషించునదే పోషణకు నోచకపోవును. విరామమెరిగి శ్రమించువాడే చిరకాలము సేవింపగలడు.

ఈ యాత్ర యంతయు చేరు గమ్యము జీవకణము. అచ్చట ప్రాణవాయువు అన్నసారముతో కూడగా శక్తి జనించును. ఆ శక్తిని వహించు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కలిసి లోకమునకు వెల్లడించినవాడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఎఱ్ఱకణముల ఉత్పత్తికి ఆవశ్యకమైన ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ రూపొందించిన పరిశోధక బృందమునకును ఆయనయే నాయకుడు. 1948లో, 53 ఏండ్ల ప్రాయముననే ఆయన తనువు చాలించెను. ఆ కృషివలన ఆరోగ్యము పొందియు ఆయన పేరెరుగనివా రెందరో! మోసినది అందజేసి తాను తొలగుట మహనీయుల లక్షణము.

ఇక మొదట పేర్కొన్న అమరావతి మహాచైత్యమును అలంకరించిన శిల్పములు పల్నాటి సున్నపురాతివి. అట్టి రాయియే నేడు పిడుగురాళ్ల బట్టీలలో కాలి సున్నమగుచున్నది. రాతికి దోషము లేదు. దానిని నమ్మి కూడు తిను శ్రమకును దోషము లేదు. కాని ధూళిని అరికట్టక, పనివాని ముక్కునకు రక్షణ నొసగక, అతని ఊపిరితిత్తులను లాభమునకు తాకట్టు పెట్టుట ఎచ్చట జరిగినను అధర్మమే. ధూళివలెనే పొగయు పరులను బాధించును. పొగాకు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన పట్టుతో ఆక్రమించును. తండ్రి వ్యసనము అదే గదిలోని పసిబిడ్డ నెత్తుటిలోనికిని ప్రవేశించును. గాలికి గట్లు లేవు. ఒకరు విడిచినదానిని వేరొకరు పీల్చవలసిన ఈ లోకమున, ఒంటరి పాపమనునది లేదు.

అమరావతి చెంతనున్న ధాన్యకటకమున శాతవాహన రాజులు వెలిగిరి, గతించిరి. 1797లో కాలిన్ మెకంజీ చూచునాటికి మహాచైత్యము దీపాలదిన్నె యను దిబ్బగ మిగిలెను. దాని ఫలకములు నేడు లండనునందును చెన్నపురియందును చెదరియున్నవి. శిలకే అట్టి గతి పట్టగా శ్వాసకు శాశ్వతత్వ మెక్కడిది? దేహము అన్నసారమును కొవ్వుగ మార్చి దినముల తరబడి దాచగలదు. ప్రాణవాయువును కొన్ని నిమిషములకు మించి దాచలేదు. దాచుటకు వీలులేని దానిపైననే ప్రాణము ఆధారపడియుండగా, దాచిన వాటిని చూచుకొని గర్వించుట అవివేకము గాక మరేమి?

కావున, మనుజులారా, మితముగ గ్రహింపుడు. అప్పగించబడినదానిని నమ్మకముగ మోయుడు. శ్రమించువాని అవసరమును ముందుగ తీర్పుడు. అలసటకు ముందే విరామమునకు తావిండు. పరులు పీల్చు గాలిని మలినము చేయకుడు. ఇవి మీరెరుగని నీతులు కావు, మరచిన నీతులు. మీ వక్షమున క్షణక్షణము నెరవేరుచున్న ఈ కర్తవ్యము మీ నడవడియందును నెరవేరునట్లు మెలగుడు. అదియే మీకు దక్కిన శ్వాసల ఋణమును తీర్చు మార్గము.