లాభం ఉన్నా నిషిద్ధమే!



ఒక సోదరి ఈ ప్రశ్న అడిగారు: "మౌలానా సాబ్! మావారు స్నేహితులతో కలసి గోవా వెళ్ళి వస్తుంటారు. అక్కడ కేసినోలో గెలిచిన డబ్బులో కొంత మస్జిదుకు, కొంత బీదలకు ఇచ్చేస్తారు. మిగిలింది మనకు హలాలే అంటారు. ఆ డబ్బుతో పిల్లల ఫీజు కట్టవచ్చా?"

ఈ వాదన కొత్తదేమీ కాదు. అజ్ఞాన కాలపు అరబ్బులు ఒంటెను కోసి, బాణాలు తీసి మాంసానికి జూదమాడేవారు. ఓడినవారు ఒంటె వెల చెల్లించేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని బీదలకు పంచి, తమ దాతృత్వాన్ని గొప్పగా చెప్పుకునేవారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు రాశారు. అంటే ఆ జూదంలో పేదవాడి కడుపు కూడా నిండేది! దివ్య ఖుర్ఆన్ ఆ ప్రయోజనాన్ని కాదనలేదు. మద్యం, జూదాలలో ప్రజలకు కొంత లాభం ఉన్నా, వాటి పాపం లాభం కంటే ఎంతో పెద్దదని తెలిపింది (2:219). ఆ తరువాత అవి షైతాను పనులనీ, వాటి ద్వారా వాడు మన మధ్య వైరం, ద్వేషం రగిలిస్తాడనీ, దైవస్మరణ నుంచి, నమాజు నుంచి ఆపుతాడనీ హెచ్చరించి, పూర్తిగా మానుకోమని ఆదేశించింది (5:90-91).

నేడు ఇదే లాభాన్ని ప్రభుత్వాలు చూపిస్తున్నాయి. పన్నులు వస్తాయి, ఉద్యోగాలు దొరుకుతాయి అంటున్నాయి. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. లాస్ వేగాస్ నగరం దానితోనే పెరిగింది. మన దేశంలో గోవా ప్రభుత్వం 1992లో చట్టాన్ని సవరించి పెద్ద హోటళ్ళలో జూదపు యంత్రాలకు, ఆ తరువాత ఓడలలో కేసినోలకు అనుమతినిచ్చింది. పణజిలో మాండవి నదిపై ఆ ఓడలు నేటికీ ఉన్నాయి.

మరి ఆ లాభం నిజంగా అంత మంచిదైతే, దాన్ని తమవారికెందుకు పంచరు? మొనాకో దేశంలో ప్రపంచ ప్రసిద్ధమైన కేసినో ఉంది. కాని ఆ దేశ పౌరులు అందులో జూదమాడటం నిషిద్ధం. సింగపూర్‌లో 2010లో కేసినోలు తెరిచారు. విదేశీయులకు ప్రవేశం ఉచితం. స్వదేశీయులు మాత్రం రుసుము కట్టాలి. 2019లో దాన్ని రోజుకు 150 సింగపూర్ డాలర్లకు పెంచారు. గోవా ప్రభుత్వం కూడా 2020లో స్థానికులకు కేసినోలలో ప్రవేశాన్ని నిషేధించింది. దుకాణం తెరిచినవారే తమ పిల్లలను గుమ్మం దగ్గర ఆపుతున్నారు. ఆలోచించండి!

వారికి లెక్క తెలుసు. రూలెట్ అనే ఆటలో చక్రంపై సున్న నుంచి 36 వరకు 37 గళ్ళుంటాయి. ఒక్కో గడిపై ఒక్కో రూపాయి చొప్పున 37 రూపాయలు పెడితే, గెలిచిన గడికి తిరిగి వచ్చేది 36 మాత్రమే. ఆ ఒక్క రూపాయి యజమానిది. చక్రం తిరిగే కొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. ఆడేవాడు అదృష్టాన్ని నమ్ముతాడు, ఆడించేవాడు లెక్కను నమ్ముతాడు.

ఇక గోవా దాకా వెళ్ళనక్కర లేకుండా ఈ జూదం సెల్‌ఫోన్‌లోకే వచ్చింది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా నిషేధ చట్టం చేసింది. అయితే రాత్రివేళ దుప్పటి కింద వెలిగే ఫోన్‌ను ఏ పోలీసు చూడగలడు? అక్కడ కాపలా కాసేది దైవభీతి ఒక్కటే.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు జవాబు. దానం చేసినంత మాత్రాన హరామ్ సొమ్ము హలాల్ కాదు. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైన దాన్నే స్వీకరిస్తాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఆ భర్త ముందు జూదం మానాలి, పశ్చాత్తాపం చెందాలి. డబ్బు ఎవరిదో తెలిస్తే వారికి తిరిగి ఇవ్వాలి. తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చి వదిలించుకోవాలి. జూదమాడుదాం రమ్మని తోటివాడిని పిలిచినవాడు సైతం దానధర్మం చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. కేవలం పిలుపుకే ఇంత పరిహారమైతే, ఆడినవాడి సంగతేమిటి?

తల్లులారా! మీ వారిని నలుగురిలో నిలదీయకండి. ఏకాంతంలో, ప్రేమతో చెప్పండి. హలాల్ సంపాదన కొంచెమే అయినా దానితోనే సర్దుకుంటామని ధైర్యమివ్వండి. ఆ మాట ఎందరినో వెనక్కి తీసుకురాగలదు.

అల్లాహ్ మన ఇళ్ళను హరామ్ సొమ్ము నుంచి కాపాడుగాక! ఆమీన్.