చివరి పేజీలో పెన్సిల్ రాత

దమ్మపేటకి సముద్రం చాలా దూరం. దగ్గర్లో పెద్ద నీళ్లంటే భద్రాచలం దగ్గర గోదావరే. పెళ్లయి ఆ ఊరొచ్చిన నలభై ఏళ్లకి గానీ మా మేనత్త విశాఖపట్నం వెళ్లి సముద్రం చూడలేదు. ఓడ మాత్రం ఎనిమిదేళ్ల వయసులోనే ఎక్కేసింది. చందమామలో 1954లో మొదలైన ‘తోకచుక్క’ సీరియల్‌ని మా తాత బైండు చేయించి దాచాడు. కుండలినీ ద్వీపం నుంచి సమరసేనుడు బయల్దేరినప్పుడు తనూ వెళ్లానంటుంది అత్త. దాన్ని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని నేను చెప్పేదాకా ఆమెకి తెలియదు. చందమామ ఆయన పేరు వేసేది కాదు. “పేరు లేకపోతే ఏమైంది, ఓడ ఉంది కదా” అంది.

ఓడల తర్వాత ఆమె దగ్గరికి షాడో వచ్చాడు. మధుబాబు రాసిన ఈ సి.ఐ.బి. ఏజెంటు గురించి మన పత్రిక పాఠకులకి పరిచయం అక్కర్లేదనుకుంటాను. చదవలేదని చెప్పేవాళ్ల ఇళ్లలోనూ ఎవరో ఒకరు చదివే ఉంటారు. కులకర్ణి, గంగారాం, ముఖేష్, బిందు... ఆ పేర్లు వింటే ఇప్పటికీ మగవాళ్ల ముఖాలు వెలుగుతాయి. ‘డర్టీ డెవిల్’, ‘చైనీస్ బ్యూటీ’ లాంటి ఇంగ్లీషు పేర్లు తెలుగు అక్షరాల్లో మెరుస్తుండేవి. మామయ్య సత్తుపల్లి వెళ్లినప్పుడల్లా అద్దె పుస్తకాల షాపు నుంచి రెండు తెచ్చేవాడు. మర్నాడు తిరిగిచ్చెయ్యాలి, లేకపోతే ఇంకో రోజు అద్దె. ఆయన చదివి పడుకున్నాక అత్త చదివేది. మధ్యలో కరెంటు పోతే కిరసనాయిలు బుడ్డి. తెల్లారి పాలు పితికే వేళకి చివరి ఫారం అయిపోవాలి. కొన్ని పుస్తకాల ముగింపులు ఆమెకి ఇప్పటికీ తెలియవు.

అద్దె పుస్తకాల చివరి తెల్లకాగితం ఎప్పుడైనా చూశారా? అదొక చిన్న విమర్శ వేదిక. ‘సూపర్’, ‘ఇది పాత కథే’, ‘షాడో అభిమానులం, ఖమ్మం’, ‘క్లైమాక్స్ వేస్టు’ అని రకరకాల చేతిరాతలు. ఒకరు తిడితే కింద ఇంకొకరు వాళ్లని తిట్టేవారు. ఒక రాత్రి మా అత్త ఆ కాగితం మీద పిల్లల పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసింది: “ఈసారి బిందుని ఎందుకు తీసుకుపోలేదు?”

సంతకం పెట్టలేదు. కానీ మామయ్య ఆమె రాతని గుర్తుపట్టాడు. పాల లెక్కలు రాసేది ఆ చెయ్యే కదా. కొట్టలేదు, అరవలేదు. షాపులో నలుగురు మగాళ్లు చూసే పుస్తకంలో మన ఇంటి ఆడదాని రాత ఉంటే ఎట్టా అని మాత్రం అన్నాడట. పుస్తకం తిరిగివ్వకుండా డబ్బు కట్టేశాడు. ఆ తర్వాత షాపులోనే నిలబడి చదివి వచ్చేవాడు తప్ప ఇంటికి పుస్తకం తేలేదు. ఈ సంగతి అత్త నాకు నవ్వుతూనే చెప్పింది. నేను నవ్వలేకపోయాను. వెంటనే నోట్సు రాసుకున్నాను.

తప్పు అక్కడ మొదలైంది. అప్పుడు నేను పిహెచ్.డి.లో ఉన్నాను. జుడిత్ ఫెటర్లీ 1978లో రాసిన ‘ద రెసిస్టింగ్ రీడర్’ తలలో తిరుగుతోంది. మగవాడి కథ చదువుతున్న స్త్రీ మగవాడిలా ఆలోచించక తప్పని స్థితిలో పడుతుందనీ, ఆ చదువుకి ఎదురుతిరగడం నేర్చుకోవాలనీ ఆమె వాదన. అత్త పెన్సిల్ వాక్యం నాకు దొరికిన బంగారం. ఒక సెమినార్‌లో దాన్ని ‘ఏజెన్సీ మండలంలో ఒక గృహిణి ప్రతిఘటన’గా చదివాను. చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు కాపీ అడిగారు.

పండక్కి ఊరెళ్లినప్పుడు ఆ వ్యాసం అత్తకి చదివి వినిపించాను. పూర్తిగా విని, వక్కపలుకులు నోట్లో వేసుకుని, “బాగా రాశావే. కానీ అది నేను కాదు” అంది.

“అదేంటత్తా, నువ్వు రాసిందే కదా?”

“రాసింది నేనే. ప్రతిఘటనా గిటిఘటనా నాకేం తెలుసే? బిందు ఉంటే కథ ఇంకా బాగుండిద్దని రాశా. నాకు ఆ పుస్తకం నచ్చింది. నచ్చిందన్న మాట నీ కాయితంలో ఎక్కడా లేదేందే?”

నిజమే. పన్నెండు పేజీల్లో ఆ మాట లేదు. మామయ్య ఆమె వాక్యాన్ని ఇంట్లో దాచాడు. నేను దాన్ని సభలో పెట్టాను, అందులో నాకు పనికొచ్చే సగమే పెట్టాను. ఈ రెండు పనులూ ఒకటేనని అనను. కానీ రెండుసార్లూ ఆమె అభిప్రాయం ఆమె చెయ్యి దాటిపోయింది.

జానిస్ రాడ్‌వే 1984లో ‘రీడింగ్ ద రొమాన్స్’ రాసినప్పుడు ప్రేమ నవలలు చదివే అమెరికన్ స్త్రీల దగ్గరికే వెళ్లి అడిగింది. పుస్తకంలో ఏముందన్నది అటుంచి, చదువుతున్నంత సేపూ తమనెవరూ పిలవరని, ఆ సమయం తమదని వాళ్లు చెప్పారు. మన దగ్గర యద్దనపూడి సులోచనారాణి పాఠకురాళ్లని అలా అడిగినవాళ్లు ఎందరు? 2018లో ఆమె చనిపోయాక కూడా ‘చిన్నప్పుడు చదివేవాళ్లం లెండి’ అని సంజాయిషీ చెప్పుకున్న స్త్రీలు నాకు తెలుసు. షాడో చదివిన మగవాళ్లు సంజాయిషీ చెప్పుకోగా నేను వినలేదు. వాళ్లది జ్ఞాపకం, వీళ్లది బలహీనత. ఇక షాడోని చదివిన ఆడవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

ఇంతవరకూ నాకు హాయిగానే ఉంది, పాఠకురాలి ఆనందాన్ని గౌరవిస్తే సరిపోతుందనుకున్నాను. కానీ అత్త ఇష్టాల్లో నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. షాడో శత్రువుల్ని హింసించే ఘట్టాలు చెబుతూ పకపకా నవ్వుతుంది. చైనావాళ్లంటే ఇప్పటికీ ఆమెకి గూఢచారులే. ఇంకొకటుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో పనికి వచ్చే కోయ ఆమెకి చదువు రాదు. అత్త రాత్రి చదివిన కథ పొద్దున ఆమెకి చెప్పేది. ఒకసారి ఏదో సాహస కథలో (ఏ పుస్తకమో అత్తకి గుర్తులేదు) అడవి మనుషులు ఈటెలతో మీద పడటం, హీరో వాళ్లని వరసగా కూల్చెయ్యడం చెబుతుంటే ఆమె ఒక్క మాట అడిగిందట: “ఆళ్ల అడివిలోకి ఈయనెందుకు పోయిండమ్మా?”

అత్త దగ్గర జవాబు లేదు. “కథ కదా” అని అంట్లు ముందుకి తోసింది. బిందు ఎందుకు లేదని అడిగిన మనిషే ఆ ప్రశ్నని కథలోంచి తీసేసింది. నా వ్యాసంలోనూ ఈ సంఘటన లేదు. అప్పటికే నాకు తెలుసు, తెలిసీ వదిలేశాను. 1/70 చట్టం ఉన్న ప్రాంతంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా కుటుంబానికి పొలం ఎలా ఉందన్న ప్రశ్న ఆ వాక్యం వెనకే వస్తుంది మరి. ప్రతిఘటించే పాఠకురాలిగా అత్తని చూపించడం నాకు సులువు. చదువురాని ఆ శ్రోతని చూపించాలంటే నేనూ బోనెక్కాలి. ఆమె ఇప్పుడు లేదు. ఆ ప్రశ్నని నేనెలా చదివానో ఆమెకి వినిపించే అవకాశం పోయింది.

ఈ మధ్య ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాల్లో క్లైవ్ కస్లర్ నవలలు నాలుగు కొన్నాను. సముద్రాల మీద తిరిగే డర్క్ పిట్ సాహసాలు. 1973లో మొదలయ్యాయి. 2001లో వచ్చిన ‘వాల్హల్లా రైజింగ్’లో పిట్‌కి ఎదిగిన కవల పిల్లలున్నారని తెలుస్తుంది. కూతురు సమ్మర్ సముద్ర శాస్త్రవేత్త. హీరోకి డర్క్ అన్న పేరు కస్లర్ తన కొడుకుదే పెట్టాడు. 2020లో కస్లర్ చనిపోయాక ఆ కొడుకే సిరీస్ రాస్తున్నాడు. కథలో కూతురు ఓడెక్కింది, కలం కొడుకు చేతికి వెళ్లింది.

ఇది చెబితే అత్త వేళ్ల మీద లెక్కపెట్టింది. “కూతురు ఓడెక్కడానికి ఇరవై ఎనిమిదేళ్లా? నేను ఒక్క రాత్రిలో అడిగానే!” మళ్లీ నవ్వు. తర్వాత కాసేపు ఊరుకుని, “ఆ పిల్ల అయినా అడివిలోకి పోయిద్దా, ఎవరి అడివో అడిగి పోయిద్దా?” అంది. ఆ పాత ప్రశ్న ఆమెకి గుర్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మొన్న వెళ్లినప్పుడు మళ్లీ అచ్చువేసిన షాడో నవల ఒకటి తీసుకెళ్లాను. అద్దాలు సర్దుకుని ముందు చివరి పేజీ తిప్పింది. తెల్లకాగితం లేదు, అక్కడ వేరే పుస్తకాల ప్రకటనలు. వెనక అట్ట లోపలివైపు చూసింది, అక్కడా అచ్చే. “మరి ఎక్కడ రాస్తారే వీళ్లు?” అని అడిగి, మనవడి బల్ల మీద పెన్సిల్ కోసం వెతకడం మొదలుపెట్టింది.