చీకట్లో వెలుగు చూసే కన్ను

జపాన్‌లో, కమియోకా గనిలో, కిలోమీటరు లోతున, 50 వేల టన్నుల నీళ్ళున్న ట్యాంకు ఒకటుంది. పేరు సూపర్-కమియోకాండె. లోపల గోడల నిండా 11 వేల పైచిలుకు గాజు ట్యూబులు, ఒక్కోటీ 20 అంగుళాల వెడల్పు. ఎక్కడినుంచో వచ్చిన న్యూట్రినో నీటిని ఢీకొన్నప్పుడు పుట్టే సన్నటి నీలి వెలుగు కోసం కాపలా. ఒక్క ఫోటాన్ తగిలినా పలకాలి. చిక్కేమిటంటే, ఏమీ తగలకపోయినా పలుకుతాయి, కటిక చీకట్లో సెకనుకి వేలసార్లు.

ఇలాంటి సాక్షిని నమ్మడం ఎలా?

తెలిసిన వెలుగు చూపించి ఏం చూశావని అడగాలి. లేజర్ వేస్తారు, శక్తి ముందే కొలిచిన ఎలక్ట్రాన్లని నీళ్ళలోకి వదుల్తారు. ఏ ట్యూబు ఎంత ఆలస్యంగా పలికింది, ఎంత ఎక్కువ చేసి చెప్పింది - అన్నీ రాసుకుంటారు. లోపాలు పూర్తిగా పోవు. లెక్కలోకి వస్తాయి, అంతే. నీటి తేటదనం మారుతుంటుంది కాబట్టి ఈ పనికి ముగింపు కూడా లేదు.

సరే, ఆ ఎలక్ట్రాన్ల శక్తి ఇంతని ఎవరు చెప్పారు? ఇంకో పరికరం. దాని సంగతి? ఈ ప్రశ్న అడిగేవాళ్ళని కొట్టిపారెయ్యలేం. మచ్చలేని మొదటి సాక్షి ఎక్కడా దొరకడు. కానీ లేజరూ, ఎలక్ట్రాన్లూ, ఆకాశంనుంచి రాలే మ్యూయాన్లూ కూడబలుక్కోలేవు కదా! అవి ఒకే మాట చెబితే నాకు చాలు.

2001 నవంబర్ 12న ఒక ట్యూబు పేలింది. ఆ అదురుకి సగానికి పైగా పగిలిపోయాయి. మిగిలినవాటికి తొడుగులు వేసి, దూరం దూరంగా సర్ది, 2002లో మళ్ళీ మొదలుపెట్టారు. పాత లెక్కలు ఇక చెల్లవు. ఒక్కో కంటినీ మళ్ళీ అడగాలి.