పెద్దలు బొమ్మలతో ఆడుకోవచ్చా?



ఈసారి ప్రశ్న వినడానికి చిన్నదే. చదువయిపోయి, ఉద్యోగం దొరికి, నెలనెలా జీతం తెచ్చుకుంటున్న మన కుర్రాడు ఆ డబ్బుతో బొమ్మలు కొనుక్కుని ఆడుకుంటే అది తప్పా? బొమ్మలంటే లెగో అని పిలిచే ప్లాస్టిక్ ఇటుకలు. ఒకదాని మీద ఒకటి నొక్కి ఇల్లు, ఓడ, రైలు, ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. ఆనందపురం లాంటి చోట కూడా ఇప్పుడు ఇవి ఫోనులో నొక్కితే ఇంటి గుమ్మం దగ్గరకి వస్తున్నాయి.

పెట్టె రాగానే తగవు మొదలవుతుంది. "ఏటిరా ఇది? పెళ్లీడొచ్చినోడివి, గుంటల ఆటలేటి నీకు?" అని తల్లి. "ఇది తృష్ణ. దుఃఖానికి మూలం అదేనని భగవానుడు చెప్పలేదా?" అని తండ్రి. "నా కష్టార్జితం. పంచశీలలో ఆడుకోవద్దని ఎక్కడుందో చూపించండి" అని కొడుకు. ఇద్దరూ ధమ్మం మాటే మాట్లాడుతున్నారు. మరి ఎవరిది సరైన మాట? మీరు తొందరపడి తీర్పు చెప్పకండి. ముందు ఆ ఇటుక సంగతి తెలుసుకుందాం.

ఇటుక కథ

డెన్మార్క్ దేశంలో బిలుండ్ అనే పల్లె. అక్కడ ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజుల్లో ఇళ్ల పనులు దొరక్క, 1932లో చెక్క బొమ్మలు చెయ్యడం మొదలెట్టాడు. 1934లో తన సరుకుకి లెగో అని పేరు పెట్టుకున్నాడు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అనే రెండు మాటల్ని కుదిస్తే వచ్చిన పేరది. 1942లో అతని కార్ఖానా కాలి బూడిదయింది. మళ్లీ కట్టుకున్నాడు. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు తెచ్చాడు. అవి కూడా ఊరికే ఊడిపడలేదు. ఇంగ్లండులో హిలరీ పేజ్ అనే ఆయన అంతకుముందే చేసిన ఇటుకల్ని చూసి చేసినవి. ఒకటి ఉంటే ఇంకొకటి పుడుతుందన్న ప్రతీత్య సముత్పాదం ఇక్కడా కనిపిస్తుంది.

పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉండి గట్టిగా పట్టుకునే ఇప్పటి ఇటుకకి 1958 జనవరి 28న పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. అప్పటి ఇటుక ఈనాటి ఇటుకతో కూడా అతుకుతుంది. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు తీసుకుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని గణితం తెలిసినవాళ్లు లెక్క కట్టారు. ఆరు ఇటుకలకే అంత!

ఇది పిల్లల కోసం చేసిన వస్తువే. అయితే 1990లలో ఇంటర్నెట్ వచ్చాక, ఇళ్లలో ఎవరికీ చెప్పకుండా ఆడుకుంటున్న పెద్దవాళ్లు ఒకరినొకరు కనిపెట్టుకున్నారు. 'అడల్ట్ ఫ్యాన్స్ ఆఫ్ లెగో' అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. పాత ఇటుకలు అమ్ముకోవడానికి, కొనుక్కోవడానికి 2000లో ఒక అభిమానే బ్రిక్‌లింక్ అనే అంగడి పెట్టాడు. 2019లో దాన్ని కంపెనీయే కొనేసింది. 2003, 2004 నాటికి మునిగిపోయే స్థితిలో ఉన్న కంపెనీకి ఈ పెద్దవాళ్ల విలువ నెమ్మదిగా తెలిసొచ్చింది. 2008లో 5,922 ముక్కల తాజ్‌మహల్ పెట్టె వచ్చింది. 2020 నుంచి కొన్ని పెట్టెల మీద '18+' అనే అచ్చు వేస్తున్నారు. అంటే బొమ్మ పెద్దదయింది, ధర కూడా పెద్దదయింది. మన దేశంలో 2020లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. పెద్ద పెట్టె అంటే ఇక వేలల్లోనే మాట.

భగవానుడు ఆటని నిషేధించాడా?

దీఘ నికాయంలో మొదటిది బ్రహ్మజాల సుత్తం. అందులో కొందరు శ్రమణులు, బ్రాహ్మణులు కాలం వృథా చేసే ఆటల జాబితా ఒకటి ఉంది. గళ్ల పలకల ఆటలు, పాచికలు, బిళ్లంగోడు లాంటివి, బొమ్మ నాగలి, బొమ్మ బండి, బొమ్మ విల్లు, అన్నీ ఉన్నాయి. చూశారా, రెండున్నర వేల ఏళ్ల కిందట కూడా పెద్దవాళ్లు బొమ్మ బండ్లతో ఆడుకున్నారు! భగవానుడు వాటికి దూరంగా ఉంటాడని ఆ సుత్తం చెబుతుంది. తండ్రి దీన్ని చూపించి "అదిగో" అనవచ్చు.

అయితే అది ఎవరి గురించి చెప్పిన మాట? ఇల్లు వదిలి, జనం పెట్టిన భిక్ష తిని బతికే వారి గురించి. ఊరి అన్నం తింటూ పాచికలాడే సన్యాసికి అది తగదు. ఉపాసకుడికి ఇచ్చిన ఐదు శీలాల్లో ఆట ఊసు లేదు. ఇంత వరకు కొడుకు మాట నిజమే. గృహస్థుడికీ భిక్ఖువుకీ ఒకే కొలబద్ద పెడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

పైగా బొమ్మ అంటే పిల్లల సంగతి అని మనం తేలిగ్గా అనేస్తాం. మన ఏటికొప్పాక సంగతి ఆలోచించండి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిమెన మీద తిప్పి, లక్క పూసి బొమ్మలు చేసేవాళ్లంతా పెద్దవాళ్లే. ఒక్క బొమ్మ నునుపు కోసం జీవితమంతా పెట్టారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లని చూసి "గుంటల పనులేటి మీకు" అని ఎవరమూ అనం. చేతికీ కంటికీ మనసుకీ ఒకేసారి పని చెప్పి, గంటసేపు ఇంకో ఆలోచన లేకుండా కూర్చోవడం చెడ్డ అలవాటేమీ కాదు. ఆ గంట సారా కొట్టు దగ్గరో, పేకాట దగ్గరో గడవడం కంటే ఎన్నో రెట్లు నయం.

పిచ్చుక గూళ్లు

అయితే కొడుకు అంతటితో గెలిచాడనుకోవద్దు. సంయుత్త నికాయంలో రాధుడనే భిక్ఖువు భగవానుణ్ణి ఒక ప్రశ్న అడిగాడు. 'సత్త' అంటారే, ఎవరిని అంటారు? పాళీలో ఆ మాటకి జీవి అనీ అర్థం ఉంది, తగులుకున్నవాడు అనీ అర్థం ఉంది. రూపం మీద, అనుభవాల మీద, తలపుల మీద కోరికతో తగులుకున్నవాడే సత్త అని భగవానుడు జవాబిచ్చాడు. అర్థం కావడానికి ఒక ఉపమానం చెప్పాడు. పిల్లలు మట్టితో ఇళ్లు కట్టుకుంటారు, మనం పిచ్చుక గూళ్లు అంటామే, అవి. వాటి మీద మోజు ఉన్నన్నాళ్లూ "ఇది నాది, తాకొద్దు" అని కాపలా కాస్తారు. మోజు తీరిన రోజున వాళ్లే కాళ్లతో చేతులతో చెదరగొట్టేస్తారు.

గమనించండి, ఆ ఉపమానంలో పిల్లల్ని తిట్టలేదు. మట్టినీ తిట్టలేదు. గూడు అదే, చేతులు అవే. మారినదల్లా పట్టు. దుఃఖం మట్టిలో లేదు, "నాది" అనే పిడికిలిలో ఉంది.

ఇప్పుడు ప్లాస్టిక్ ఇటుక దగ్గరకి రండి. దాని గొప్పతనం అతుక్కోవడంలో సగమే, మిగతా సగం విడిపోవడంలో ఉంది. ఈరోజు ఓడకి అడుగున ఉన్న ముక్క రేపు గోపురానికి పైన ఉంటుంది. ఏ ఇటుకా పుట్టుకతో పునాది రాయి కాదు. నాగసేనుడు మిలింద రాజుకి రథాన్ని చూపించి, చక్రమా రథం, ఇరుసా రథం అని అడిగినట్టు, ఆ తాజ్‌మహల్‌ని విప్పి కుప్ప పోసి అడగండి. వేల ముక్కలూ ఇక్కడే ఉన్నాయి, మరి తాజ్‌మహల్ ఎక్కడికి పోయింది? అనాత్మని ఇంత సులువుగా చూపించే బల్ల మీద వస్తువు ఇంకొకటి దొరకదు.

నిజం ఇటుకలకీ, రాళ్లకీ అదే ధమ్మం. భీమిలి దారిలో తీరం వెంట తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. ఎన్నో తరాల భిక్ఖువులు అక్కడ నడిచారు. తర్వాత కొండలు మట్టి కప్పుకుని మరుగున పడ్డాయి. తొట్లకొండ మీద మళ్లీ నిలబెట్టిన మహాస్తూపం 2019 అక్టోబరు వానలకి కొంత కూలింది. అంతటిదే నిలవనప్పుడు అలమరాలోని బొమ్మ నిలుస్తుందా?

కానీ పెద్దల ఆటలో పెద్దల జబ్బులు కూడా చేరాయి. కొందరు పెట్టె విప్పనే విప్పరు. ఉత్పత్తి ఆగిపోయాక ధర పెరుగుతుందని సీలు తియ్యకుండా అటక మీద దాచుకుంటారు. 'బాగా ఆడుకో' అని పేరున్న వస్తువుతో ఒక్కరూ ఆడుకోరు! కొందరు కట్టినదాన్ని జిగురుతో అతికించేస్తారు, ఇంకెప్పుడూ విడిపోకుండా. ఇంట్లో ఉన్నవాటిని కట్టకుండానే వచ్చే నెల రాబోయే పెట్టె గురించి నిద్ర మానుకునేవాళ్లూ ఉన్నారు. పిల్లలు మోజు తీరాక గూడు చెదరగొట్టేస్తారు. వీళ్లకి మోజు తీరదు, పెట్టె మారుతుంది. తండ్రి చెప్పిన తృష్ణ ఇదే. ఇక్కడ ఆయన మాట నిజం.

ఎవరి చీకటి యుగం?

ఆ అభిమానుల్లో ఒక మాట వాడుకలో ఉంది: 'చీకటి యుగం'. చిన్నప్పుడు ఆడుకుని, పదిహేనో ఏట సిగ్గుపడి వదిలేసి, ముప్ఫయ్యో ఏట మళ్లీ ఇటుకల దగ్గరకి వచ్చేదాకా గడిచిన కాలాన్ని అలా పిలుచుకుంటారు. సరదాగా అనే మాటే. కానీ మనవాళ్లు విని నవ్వలేరు. మన పెద్దల్లో చాలామందికి బాల్యమే చీకటి యుగం. పశువుల వెనక, కూలి చేలల్లో, ఇటుక బట్టీల్లో గడిచింది. పిచ్చుక గూడు కట్టాల్సిన చేతులు పచ్చి ఇటుకల్ని ఎండకి తిరగేశాయి. 1976లోనే వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చినా, ఈనాటికీ ఒడిశా బలంగీర్ వైపు నుంచి అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో తెలుగు నేల మీద బట్టీలకి వచ్చే కుటుంబాలున్నాయి. అక్కడి బిడ్డకి ఇటుక ఆటవస్తువు కాదు, లెక్క. రోజుకి ఎన్ని వేలు కోస్తే అంత.

కాబట్టి తల్లి కోపంలో ఉన్నది కోపం ఒక్కటే కాదు. "నాకు లేనిది నీకెందుకు" అని ఆమె అనడం లేదు. "మేం మోసినదాన్ని నువ్వు ఆటకి కొంటున్నావా" అన్న బాధ అది. ఆ బాధని కొడుకు తోసెయ్యకూడదు.

అలాగని బొమ్మ లేని బాల్యం మన సంస్కృతి అనీ, అదే నిరాడంబరత అనీ మనం పొగుడుకోకూడదు. అది ధమ్మం పెట్టిన నియమం కాదు, కులం పెట్టిన కరువు. భగవానుడు పేదరికాన్ని ధన్యమైన స్థితి అని ఎన్నడూ కీర్తించలేదని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో స్పష్టంగా చూపించారు. మనకి దక్కనివ్వని ఆనందం మన బిడ్డకి దక్కితే, అతను ముప్ఫై ఏళ్లవాడైనా సరే, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

మరి కొలత ఏది?

సిగాలుడనే గృహస్థ యువకుడికి భగవానుడు డబ్బు లెక్క కూడా చెప్పాడు. ఆదాయం నాలుగు భాగాలు చెయ్యాలి. ఒకటి అనుభవించడానికి, రెండు వృత్తికి, నాలుగోది ఆపద కోసం దాచడానికి. అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగు చెప్పాడు: న్యాయంగా సంపాదించిన సుఖం, దాన్ని అనుభవించే సుఖం, అప్పు లేని సుఖం, నింద లేని సుఖం. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 15న నాగపూర్‌లో మాట్లాడుతూ మన సంపాదనలో ఇరవయ్యో వంతు ధమ్మ కార్యానికి ఇవ్వాలన్నారు. ఈ మూడూ కలిపి చూస్తే తగవు తీరుతుంది.

పెట్టె కొనేముందు మీరే మిమ్మల్ని నాలుగు మాటలు అడగండి.

ఇది అనుభవానికి పెట్టుకున్న భాగంలోంచి వస్తోందా, లేక అమ్మ మందుల డబ్బులోంచా?

అప్పు లేకుండా కొంటున్నానా? నెల నెలా కిస్తీ కట్టే బొమ్మతో మీరు ఆడుకోవడం లేదు. ఆ బొమ్మే మీతో ఆడుకుంటోంది.

ఇరవయ్యో వంతు ఇచ్చానా?

కట్టాక, ఏ బాధా లేకుండా నా చేత్తో విప్పగలనా? పక్కింటి పిల్ల వచ్చి అడిగితే ఇవ్వగలనా?

నాలుగో ప్రశ్నే అసలు పరీక్ష. మొదటి మూడూ డబ్బుకి, నాలుగోది మనసుకి. విప్పగలిగితే అది ఆట. విప్పలేకపోతే అది పిడికిలి.

తల్లిదండ్రులకీ ఒక మాట. వాడు బల్ల ముందు కూర్చున్నప్పుడు దూరం నుంచి తిట్టకుండా ఒక్కసారి పక్కన కూర్చోండి. బట్టీలో ఇటుక ఎలా కోసేవాళ్లో, అచ్చులో మట్టి ఎలా కొట్టేవాళ్లో, చేతులు ఎలా పగిలేవో చెప్పండి. వాడి చేతిలోని ఇటుకకి మీ చేతి ఇటుక గురించి తెలియాలి. అదీ మన చరిత్రే.

యువకులకి చివరి మాట. కట్టిన ఓడని ఏడాదికొకసారి విప్పండి. ఆ ముక్కల్ని డబ్బాలో పోసుకుని, ఆదివారం వందనం అయ్యాక విహారానికి వచ్చే పిల్లల ముందు పెట్టండి. చాప పరిచి, "ఇదిగో, ఏది కావాలంటే అది కట్టుకోండి" అనండి. వాళ్లు ఏం కడతారో మీరు చెప్పొద్దు. సాయంత్రానికి వాళ్లే కూల్చేసి నవ్వుతూ ఇంటికెళ్తారు. రాధుడికి చెప్పిన పాఠం ఆ చాప మీదే మీ కళ్లకి కనిపిస్తుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.