ఉదయం ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది

వేకువనే లేవడం పుణ్యమా? యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి, నిర్జన స్థలానికి వెళ్లి ప్రార్థించారని మార్కు సువార్త (1:35) తెలుపుతున్నది. అలాగని తెల్లవారుజాము పూజకు వచ్చినవాడు భక్తుడు, రానివాడు సోమరి అని తేల్చేయవచ్చా?

తొందరపడకూడదు. మన మండపేట రైసు మిల్లులో రాత్రి పని చేసి, తెల్లవారాక నడుం వాల్చే కార్మికుడున్నాడు. రాత్రంతా పసిబిడ్డను భుజాన వేసుకున్న తల్లి ఉంది. వారి నిద్ర సోమరితనం కాదు, శ్రమకు దక్కవలసిన విశ్రాంతి.

మరి అర్ధరాత్రి దాకా టీవీ, సెల్‌ఫోను చూసి పొద్దున లేవలేని మన మాటేమిటి? చుట్టుపక్కల కోళ్లఫారాలనే చూడండి. గుడ్లు పెట్టే కోళ్లకు పగటి వెలుతురు చాలకపోతే దీపాలు వేసి, రోజుకు సుమారు 16 గంటల వెలుగు అందిస్తారు. ఆ వెలుగును బట్టే అవి గుడ్లు పెడతాయి. మనిషి దేహంలోనూ వెలుగును బట్టి నడిచే గడియారం ఉన్నది. జీవుల్లో ఆ గడియారం ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకు 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది. రాత్రి వెలుగు దానిని వెనక్కి నెడుతుంది, ఉదయపు వెలుగు ముందుకు తెస్తుంది. కోళ్లకు దీపం ఎప్పుడు ఆర్పాలో లెక్క కట్టే మనం, మన పిల్లల గదిలో దీపం ఎప్పుడు ఆర్పాలో ఆలోచించామా?

ఆదికాండములో సృష్టి దినాలను చెప్పేటప్పుడు సాయంకాలం ముందు వస్తుంది, ఉదయం తరువాత. శ్రీసభ కూడా ఆదివారాన్ని శనివారం సాయంత్రం నుండే ప్రారంభిస్తుంది. మనమూ ఆ క్రమాన్నే పాటించవచ్చు. పెందలాడే భోజనం, తరువాత కుటుంబ జపమాల, పదింటికల్లా ఫోన్లన్నీ హాల్లో ఒకచోట. లేచే వేళను వారానికో పావుగంట చొప్పున ముందుకు జరపాలి. లేవగానే కాసేపు వాకిట్లో వెలుతురులో నడవాలి.

ఇక్కడ న్యాయం సంగతి ఒకటుంది. చాలా ఇళ్లలో అందరికంటే ముందు లేచేదీ, అందరికంటే చివర పడుకునేదీ ఇల్లాలే. భర్త వేకువ ప్రార్థన కోసం ఆమె మరో అరగంట ముందు లేచి కాఫీ పెట్టవలసి వస్తే, ఆ భక్తికి ఖరీదు కట్టినది ఎవరు? రాత్రి గిన్నెలు తోమడంలో భర్త, పిల్లలు చెయ్యి కలిపితే ఆమెకూ నిద్ర, ప్రార్థన రెండూ దక్కుతాయి.

6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠ నియమావళిలో, నిద్రమత్తులో సాకులు వెదికే సోదరులను మృదువుగా ప్రోత్సహించి లేపాలని కోరారు. దుప్పటి లాగి, తిట్టి లేపిన బిడ్డకు ప్రార్థన ఒక శిక్షలా తోస్తుంది.

మనం వేకువనే లేచినందువల్ల ఇంట్లో మరొకరి భారం తగ్గితే, ఆ లేవడంలో పుణ్యం ఉన్నది. ఈ శనివారం సాయంత్రమే మొదలుపెడదాం.